ఎండోలీక్

బృహద్ధమని ఉబ్బినచోట లోపల స్టెంట్ గ్రాఫ్ట్ తొడిగిన తర్వాత కూడా ఉబ్బు సంచిలోకి రక్తం చేరుతుంటే దాన్ని ఎండోలీక్ అంటారు. ఈ చికిత్సలో ఎక్కువగా కనిపించే చిక్కు ఇది.

1951లో పారిస్‌లో షార్ల్ దుబోస్ట్ పొట్ట కోసి, ఉబ్బిన ధమనిని తీసేసి, దాత ధమనిని అతికారు. కోత తప్పించే ప్రయత్నం 1987లో ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొడోస్‌ చేతిలో, ఛాతీలోని బృహద్ధమనిపై ఫలించింది. 1990 సెప్టెంబర్ 7న బ్యూనస్ ఎయిర్స్‌లో హువాన్ పరోడి డేక్రాన్ గుడ్డగొట్టాన్ని స్టెంటుకు కుట్టి, గజ్జలోని ధమని గుండా పొట్టలోని ఉబ్బు దాకా పంపారు. మొదట్లో ఆయన గొట్టం పైకొసకే స్టెంటు వేసేవారు. కింది కొస వదులుగా ఉండటంతో రక్తం వెనక్కి ఎగదన్నింది. అక్కడా స్టెంటు వేయక తప్పలేదు. ఎండోలీక్ ఈ చికిత్సకు తోబుట్టువన్నమాట.

పేరు మాత్రం ఆలస్యంగా వచ్చింది. ధమని చిట్లి రక్తం బయటికి కారడాన్నీ ‘లీక్’ అనే అనేవారు. ఆ గందరగోళం పోవాలని 1996లో సిడ్నీ వైద్యుడు జెఫ్రీ వైట్, సహచరులు ‘ఎండోలీక్’ అన్న మాటను ప్రతిపాదించారు. రకాల వర్గీకరణ ఆ వెంటే వచ్చింది.

గ్రాఫ్ట్ కొసలు ధమని గోడకు సరిగా అతుక్కోకపోతే మొదటి రకం. ముక్కలు విడిపోయినా, గుడ్డ చిరిగినా మూడోది. ఈ రెండింటిలో ధమనిలోని పోటు నేరుగా సంచి మీద పడుతుంది కాబట్టి ఆగకూడదు: బెలూన్‌తో అదమడం, అదనపు తొడుగు వేయడం, అవసరమైతే పొట్ట తెరవడం. గుడ్డ రంధ్రాల గుండా ఊరే నాలుగోది సాధారణంగా తనంతట తానే ఆగిపోతుంది. కనబడే లీకు లేకుండానే సంచి పెరిగితే అయిదోది.

వాదమంతా రెండో రకం మీదే. నడుము ధమనుల నుంచో, పేగులకు వెళ్లే కింది ధమని నుంచో రక్తం ఎదురు పారి సంచిలో చేరుతుంది. సీటీలో మొదట నల్లగా ఉన్న సంచిలో, కాసేపాగి తీసిన చిత్రంలో తెల్లని మరక తేలుతుంది. చాలావాటిని వదిలేసినా మూసుకుపోతాయి. సంచి పెరుగుతుంటేనే కాయిల్స్‌తోనో, జిగురుతోనో పూడుస్తారు. ధమనుల గుండా దారి దొరకనప్పుడు రోగిని బోర్లా పడుకోబెట్టి వీపులోంచి సంచిలోకి సూది గుచ్చుతారు.

అమెరికాలో 1999లో ఈ చికిత్సకు వాడే రెండు పరికరాలకు అనుమతి వచ్చింది. వాటిలో ఒకటైన ఆన్‌క్యూర్ లోపాలను ప్రభుత్వానికి చెప్పకుండా దాచినందుకు దాని తయారీదారైన గైడెంట్ కంపెనీ అనుబంధ సంస్థ 2003లో నేరం ఒప్పుకుంది. బ్రిటన్‌లో ఈ చికిత్సను కోతతో పోల్చిన ఎవార్-1 పరీక్షలో 30 రోజుల్లోపు మరణాలు స్టెంట్ గ్రాఫ్ట్‌తో 1.7 శాతం, కోతతో 4.7 శాతం. 2016లో వచ్చిన దీర్ఘకాల ఫలితాల్లో ఆ లెక్క తిరగబడింది: ఎనిమిదేళ్లు దాటాక ఉబ్బు సంబంధిత మరణాలు గ్రాఫ్ట్ వేసినవారిలోనే ఎక్కువ. ప్రధాన కారణం, మూసేశామనుకున్న సంచి చిట్లడం.