గిన్నెలు తోమిన అగ్నిపర్వతం

సుమత్రా దీవిలో పేలిన అగ్నిపర్వతం బూడిద మన రాయలసీమలో గిన్నెలు తోమే పౌడరయింది. నవ్వులాటకు అనడం లేదు. నంద్యాల జిల్లాలో బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడి జుర్రేరు లోయలో కాస్త తవ్వితే తెల్లటి మెత్తటి పొడి బయటపడుతుంది. కొన్నిచోట్ల ఆ పొర మనిషి నిలువును మించిన మందం. చుట్టుపక్కలవాళ్లు దాన్ని తవ్వి, పాత్రలు శుభ్రం చేసే పౌడర్ల తయారీకి అమ్ముకున్నారు. ఆ పొడి సుమారు 74 వేల ఏళ్ల కిందట టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో వచ్చి ఇక్కడ రాలిన బూడిద. గడిచిన ఇరవై లక్షల ఏళ్లలో భూమి చూసిన అతిపెద్ద పేలుళ్లలో అదొకటి. చివరికది అంట్లగిన్నెల దగ్గరికి చేరింది.

ఈ సంగతి చదివిన రోజు నుంచి నాకు ఒకటే ధ్యాస. ఆ బూడిద జిడ్డును ఎందుకు వదిలిస్తుంది? సూక్ష్మదర్శినిలో చూస్తే అది బూడిద కాదు, పగిలిన గాజు పెంకులు. ప్రతి రేణువుకూ పదునైన అంచులుంటాయి, అవి గీరుతాయి. రాళ్లకు మెరుగు పెట్టేవాళ్లు చివరి మెరుపుకు ముందు వాడే ప్యూమిస్ పొడి కూడా ఇదే జాతిది, అగ్నిపర్వతపు గాజే. రాయిని నున్నగా చేసేది యంత్రం కాదు, పొడి. యంత్రాలు మారుతూ వచ్చాయి, పొడి పని మాత్రం మారలేదు.

ఇప్పుడు రాళ్ల సరదా ఉన్నవాళ్లు ఇళ్లలో వాడే వైబ్రేటరీ టంబ్లర్‌నే చూడండి. స్ప్రింగుల మీద ఒక గిన్నె, దాని కింద మోటారు, మోటారు ఇరుసుకు ఒకవైపు బరువు. మోటారు తిరిగితే ఆ బరువు వల్ల గిన్నె అదురుతుంది. లోపలి రాళ్లు ఒకదాన్నొకటి రుద్దుకుంటూ మెల్లగా సుడి తిరుగుతాయి. వాటి మధ్య చారెడు గరుకు పొడి, కాసిని నీళ్లు. పీపాలాగా దొర్లే పాతరకం యంత్రంలో రాళ్లు పైనుంచి కింద పడుతూ గుండ్రంగా అరుగుతాయి, ఒక్కో దశకు వారం పడుతుంది. అదిరే గిన్నెలో రాయి ఆకారం చెడదు, పని కూడా వారాల్లోంచి రోజుల్లోకి వచ్చేస్తుంది. రెండిట్లోనూ వేసేది సిలికాన్ కార్బైడ్. 1891లో ఎడ్వర్డ్ అచెసన్ అనే అమెరికన్ బంకమట్టినీ బొగ్గునూ కరెంటుతో కాల్చి కృత్రిమ వజ్రాలు చేద్దామనుకున్నాడు. వజ్రాలు రాలేదు, ఈ పొడి వచ్చింది.

అంతకుముందు ఏం వాడేవారంటారా? కురువిందం. మన అనంతపురం వైపు కూడా దొరికే రాయే. దాని పొడిని లక్కలో కలిపి చేసిన సానచక్రాల మీదే మన దేశంలో రత్నాలు సానబెట్టారు. వజ్రం దగ్గర మాత్రం కురువిందం కూడా ఓడిపోతుంది. వజ్రాన్ని వజ్రంతోనే కోయాలన్న మాట బనగానపల్లె గులకరాతి పొరల్లోంచి వజ్రాలు ఏరుకున్న ఈ సీమకు ఎవరూ నేర్పక్కర్లేదు.

దొర్లించే యంత్రానికి తాత ఒకాయన గుజరాత్‌లో ఉన్నాడు. ఖంభాత్‌లో అకీకు పూసలు చేసేవాళ్లు తోలు సంచిలో పూసలు నింపి, కురువిందపు జాతి పొడినీ, పూసలు అరగదీయగా వచ్చిన మెత్తని పొడినీ పోసి మూతి బిగించేవారు. గదికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని ఆ సంచిని ఒకరి వైపు ఒకరు దొర్లించేవారు. అలా పది పదిహేను రోజులు. పంతొమ్మిదో శతాబ్దపు బొంబాయి గెజిటీర్లో ఈ తతంగమంతా ఉంది. ఆ పదిహేను రోజులూ ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో గెజిటీరు దొరలు రాసిపెట్టలేదు. నాకు కావలసింది అదే.

సరే, నంద్యాలకు వద్దాం. టంబ్లర్ కొన్నవాళ్లందరికీ ఉండే ఆశ శిలాజ కర్ర, అంటే రాయిగా మారిన చెట్టు. మెరుగు పెడితే దాని వలయాలు అచ్చం నిన్న కోసిన దుంగలా కనిపిస్తాయి. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల కొండల్లో దానికోసం ఎంత వెతికినా దొరకదు. ఆ రాళ్లు ఏర్పడేనాటికి భూమ్మీద చెట్టు పుట్టనే లేదు. మొదటి చెట్లు వచ్చి 40 కోట్ల ఏళ్లు కూడా కాలేదు, ఈ కొండలు అంతకన్నా చాలా పాతవి. ఇక్కడి ఊళ్ల పేర్లు భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో రాతి పొరల పేర్లయి కూర్చున్నాయి. కింది నుంచి పైకి లెక్కపెడితే బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. నార్జి ఒక్కటే పక్కనున్న కడప జిల్లాది, మిగతావన్నీ నంద్యాల నుంచి బస్సెక్కితే దిగగలిగే ఊళ్లే. శిలాజ కర్ర చూడాలంటే గోదావరి లోయకు, తెలుగు బాగా వినిపించే సిరొంచ వైపు వెళ్లాలి. లేదా తమిళనాడులో తిరువక్కరైకి. అక్కడ దుంగలకు దుంగలే రాళ్లయి పడుకున్నాయి. చూడొచ్చు, ఏరుకోకూడదు.

చెట్టు లేకపోయినా మనిషి ఉన్నాడు. జ్వాలాపురంలో రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం తవ్వి 2007లో సైన్స్ పత్రికలో అచ్చేసిన సంగతి ప్రపంచమంతా తిరిగింది. టోబా బూడిదకు కిందా రాతి పనిముట్లు ఉన్నాయి, పైనా ఉన్నాయి. అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ రాయి చెక్కే చేతులు ఆగలేదన్నది వాళ్ల వాదన. అంత సాక్ష్యం మోసిన పొరను గంపలకెత్తి అంట్ల పౌడరు చేశామన్నది తలచుకుంటే నాకు కడుపు మండుతుంది. కూలి దొరికిందని తవ్వినవాళ్లను నేను ఒక్క మాట అనను. ఇది ఇంత విలువైందని వాళ్లకు ముందే చెప్పి, వేరే పని చూపించాల్సినవాళ్ల మీదే నా కోపం.

ఆ తొలినాటి పనిముట్లలో ఏ ఒక్కదానికీ మెరుగు లేదు. కొట్టి, పెచ్చులు లేపి చేసినవే. రాయిని రాయితో రుద్ది నున్నగా చేయాలన్న బుద్ధి పనిముట్ల విషయంలో మన దిక్కున నాలుగైదు వేల ఏళ్ల కిందటిది. ఆ కాలమంటే నాకు పిచ్చి. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

దత్తమండలాల్లో బళ్లారి కూడా ఒకటి. ఆ మండలాలకు రాయలసీమ అని పేరు పెట్టిన సభ 1928లో జరిగింది నంద్యాలలోనే. పెట్టినవారు చిలుకూరి నారాయణరావు. కాబట్టి బళ్లారి దగ్గరి సంగనకల్లును పరాయి ఊరని నేననుకోను. సంగనకల్లు, కుప్పగల్లు కొండల మీద డోలరైట్ రాతి గోడ ఒకటి గ్రానైటును చీల్చుకుని పోతుంది. నవీన శిలాయుగం మనుషులు దాన్ని పగలగొట్టి గొడ్డళ్లు చేశారు. ఒకటీ రెండూ కాదు, అదొక కార్ఖానా. చుట్టూ కుప్పలుగా పడున్న పెచ్చులే అందుకు లెక్క. పెచ్చులు లేపిన గొడ్డలిని పక్కనున్న బండరాయి మీద ఇసుకా నీళ్లూ వేసి ముందుకూ వెనక్కూ రుద్దారు. రుద్ది రుద్ది ఆ బండల్లో పడిన గాడులు నేటికీ ఉన్నాయి. టంబ్లర్‌లో ఏముందో ఇక్కడా అదే ఉంది: రాయి, గరుకు పొడి, నీళ్లు, అదుపు తప్పని కదలిక. మోటారు బదులు మోచేయి.

పదునైన అంచును నున్నగా రుద్దితే గొడ్డలి పెళుసుగా విరగదు, చెట్టు బాగా తెగుతుంది. ఆ లాభం అర్థమవుతుంది. కానీ ఆ గొడ్డళ్లలో కొన్నిటికి ఒళ్లంతా మెరుగే. పిడిలోకి దూరిపోయి ఎవరికీ కనపడని భాగం కూడా అద్దంలా ఉంటుంది. దానివల్ల చెట్టు ఒక్క దెబ్బ ముందు పడదు. ఇష్టమైందని చేశారు, అంతే. మన దిక్కున రాయిని ఊరికే, అందం కోసం రుద్దిన మొదటి మనుషులు వాళ్లేనని నా పట్టుదల. కుప్పగల్లులో కొన్ని బండలు కొడితే గంటలా మోగుతాయి. అదే కొండను కంకర కోసం, గ్రానైటు కోసం పేల్చుతున్నారని 2004 ప్రాంతంలోనే పరిశోధకులు మొత్తుకున్నారు.

ఈ గొడ్డళ్లను లోకానికి చూపినవారిలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ దొర ముఖ్యుడు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాత రాతియుగపు పనిముట్టును ఎత్తిపట్టుకున్నవాడు ఆయనే. భూగర్భ శాఖలో ఉద్యోగం, గొడ్డళ్లంటే వ్యామోహం. 1884లో బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో తవ్వించాడు. దాని వెనక పెద్ద కథే ఉంది. ఇంగ్లండులో హక్స్లీ పండితుడు మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు చెబితే, గవర్నరు ఫూట్‌కు చెప్పాడు. కొంతకాలం తవ్వకం చూసుకున్నది ఆయన కొడుకు, లెఫ్టినెంట్ హెన్రీ ఫూట్. దొర జీవితమంతా ఏరిన రాళ్లు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. అంతదాకా పల్లెల్లో ఈ నున్నటి రాళ్లను చూసినవాళ్లు పిడుగురాళ్లనుకున్నారు, పిడుగుతోపాటు నేలకు దిగాయని. యూరపులోనూ ఇదే నమ్మకం. అంత నునుపు మనిషి చేతిపని అయ్యుంటుందని వాళ్లకు తోచలేదు.

ఆ తర్వాత ఇనుము వచ్చింది, రాతి గొడ్డలి మూలపడింది. రెండువేల ఏళ్లు దాటేస్తున్నాను. రాజులు మారారు, గుళ్లు లేచాయి, ఆళ్లగడ్డ పక్కన అహోబిలం నవ నారసింహ క్షేత్రమైంది.

ఆళ్లగడ్డలో రాతి మెరుగు ఇప్పటికీ బతికున్న విద్య. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ శిల్పులు చేసిన దేవతామూర్తులు ఎక్కడెక్కడి గుళ్లకో వెళ్తాయి. ఉలి పని అయ్యాక గరుకు రాయి, నీళ్లు. తర్వాత నున్నటి రాయి. చివర నూనె పట్టించి నల్లగా నిగనిగలాడేలా తోమడం. ఇప్పుడు గ్రైండరు వచ్చింది. చేతులకు విశ్రాంతి దొరికింది, ఊపిరితిత్తులకు దుమ్ము దొరికింది. నీళ్లతో రుద్దే పాత పద్ధతిలో దుమ్ము లేచేది కాదు. చప్పుడూ ఇంత ఉండేది కాదు. మాస్కు పెట్టుకోకుండా గ్రైండరు పట్టిన కుర్రవాణ్ని చూస్తే వాడి పనితనాన్ని మెచ్చుకోవడానికి నాకు నోరు రాదు.

బేతంచెర్లది ఇంకో దారి. బేతంచెర్ల, ఔకు, కోలిమిగుండ్ల నాపరాయి పాత ఇళ్లలో నేలకు, పైకప్పుకు, కంచెకు కూడా పనికొచ్చింది. పాలిష్ లేని బండ అయినా మూడు తరాల పాదాలు తొక్కితే గడప దగ్గర జిగేలుమనేది. ఇప్పుడు పాలిష్ ఫ్యాక్టరీల్లో అది పూటలో అయిపోతుంది. నాపరాయి సున్నపురాయే, మెత్తటిది. గోరు గట్టితనం రెండున్నర అయితే ఇది మూడు, అకీకు ఏడు. అందుకే త్వరగా మెరుగెక్కుతుంది, త్వరగా గీతలూ పడుతుంది. అదే సున్నపురాయిని కాల్చి సిమెంటు చేసే కార్ఖానాలు ఇదే జిల్లాలో ఉన్నాయి. మెరుగు పెట్టదగ్గ రాయిని కాల్చేయడం నాకు నచ్చదు గానీ, నా ఇల్లూ సిమెంటుదే.

ఇక టంబ్లర్ కొందామనుకునేవాళ్లకు నాలుగు మాటలు. కుందూ ఒడ్డున దొరికే గులకరాళ్లతో మొదలుపెట్టండి, నది సగం పని ముందే చేసి పెట్టింది. నాపరాయి ముక్కనూ అకీకునూ ఒకే గిన్నెలో వేయకండి, మెత్తటిది పిండైపోతుంది. గరుకు పొడి నుంచి నున్నటి పొడికి మారేటప్పుడు రాళ్లనూ గిన్నెనూ ఒక్క రేణువు మిగలకుండా కడగండి. ఒక్కటి మిగిలినా మెరుపు మీద గీత పడుతుంది. కడిగిన ఆ బురద నీళ్లను మాత్రం వంటింటి సింకులో పోయకండి. పైపులో గట్టిపడితే మళ్లీ తవ్వాల్సింది గోడనే.