మందు పద్దు

మా అమ్మమ్మ ఐదో తరగతి వరకే చదివింది. అయినా కొల్లేటి లంకలో ఆ ఇంటి లెక్కలన్నీ పైసాతో సహా ఆవిడే రాసేది. ఆవిడ పోయాక ట్రంకు పెట్టెలో పాత చీరల అడుగున పదకొండు పద్దు పుస్తకాలు దొరికాయి. వాటిని ఏలూరు తెచ్చుకుని, పీహెచ్‌డీ చేశానన్న అహంతో పరిశోధన సామగ్రిలా చదవడం మొదలుపెట్టాను. బియ్యం, కిరసనాయిలు, వల తాడు, పడవ మరమ్మతు, పలకలు... వాటి మధ్య వారానికి నాలుగైదుసార్లు "మందు" అని ఒక పద్దు. తాతయ్యకి ఉబ్బసం ఉండేదని విన్నాను. పాపం, వైద్యానికి ఎంత ఖర్చయ్యేదో అనుకున్నాను. అమ్మకి చూపిస్తే నవ్వింది. "ఉబ్బసానికైతే మాత్రలని రాసేది. మందంటే మందేనే పిచ్చిదానా" అంది.

నా సిద్ధాంత గ్రంథం సారా వ్యతిరేకోద్యమ సాహిత్యం మీద. నేను చదివిన కథల్లో తాగొచ్చి కొట్టే మొగుడున్నాడు, కాంట్రాక్టరున్నాడు, చీపుళ్ళు పట్టుకుని తిరగబడ్డ ఆడవాళ్ళున్నారు. వాళ్ళ ధైర్యం గురించి ఒక అధ్యాయం, భాష గురించి ఇంకో అధ్యాయం రాశాను. కానీ ఆ సారా ధర ఎవరు నిర్ణయించారు, అందులో సర్కారు వాటా ఎంత అని ఒక్క పేజీలోనూ అడగలేదు. అది అర్థశాస్త్రం వాళ్ళ పని అనుకున్నాను. ఆ లెక్క తనది కాదని అమ్మమ్మ మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఈ లెక్క చాలా పాతది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టంతో కల్లు, సారా తయారీ, అమ్మకం పూర్తిగా సర్కారు లైసెన్సు కిందకి వచ్చాయి. ఇంట్లో కాచుకున్నది నేరమయింది, పాట పాడుకుని అమ్మేది వ్యాపారమయింది. గీసే తాటిచెట్టు మీద కూడా పన్నే. అందుకే 1930లో గాంధీ కల్లు దుకాణాల దగ్గర పికెటింగు చేయమని ఆడవాళ్ళని ప్రత్యేకంగా పిలిచినప్పుడు అది నీతి బోధ మాత్రమే కాదు, ఖజానా మీద దెబ్బ కూడా.

అయితే దెబ్బ తగిలిన ఖజానా ఊరుకుంటుందా? 1937 అక్టోబరు 1న రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, తర్వాత చిత్తూరు, కడప జిల్లాలకి విస్తరించాడు. పోయిన రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను చట్టం తెచ్చాడు. అంటే ఇవాళ మనం చాలా సరుకుల మీద కడుతున్న పన్నుకి మూలపురుషుల్లో ఒకటి మద్యనిషేధమే. తాగేవాడి దగ్గర వసూలయ్యే డబ్బు, తాగనివాళ్ళ సరుకుల మీదకి మారింది. 1948లో మద్రాసు రాష్ట్రమంతా నిషేధం వచ్చింది. గీత కార్మికుల బతుకు ప్రశ్న రాజుకుంది. చివరికి 1954 నవంబరులో ఆ వివాదం మీదే ప్రకాశం ప్రభుత్వం శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్ర ప్రాంతంలో 1960ల చివర నిషేధం పోయింది, సారా తిరిగొచ్చింది. అమ్మకం పన్ను మాత్రం పోలేదు.

అమ్మమ్మ పుస్తకాలు మొదలయ్యేది 1980ల్లో, "వారుణి వాహిని" రోజుల్లో. సర్కారే సారాని ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి కాంట్రాక్టర్లకి ఇచ్చేది. వేలంలో పెద్ద పాట పాడినవాడు ఆ సొమ్ము రాబట్టుకోవడానికి మంచినీళ్ళు లేని లంకకి కూడా ప్యాకెట్లు చేర్చేవాడు. 1970-71లో 39 కోట్లున్న రాష్ట్ర ఎక్సైజు రాబడి 1991-92 నాటికి 812 కోట్లయింది. ఆ అంకె పక్కన అమ్మమ్మ పద్దు పెట్టి చూస్తే, అంత పెద్ద అంకె ఎక్కడెక్కడి నుంచి పోగయిందో తెలుస్తుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లాలు దాటింది. ఆడవాళ్ళు వేలం పాటలనే అడ్డుకున్నారు. సర్కారుకి నొప్పి పుట్టేది ఎక్కడో వాళ్ళకి బాగా తెలుసు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్.

ఆ నెల అమ్మమ్మ పుస్తకం చూశాను. "మందు" లేదు. నవంబరులోనూ లేదు. ఆ రెండు నెలల్లో ఒక కొత్త పద్దుంది, "పాలు". అప్పటికి నాకు మూడేళ్ళు, అక్కడే పెరుగుతున్నాను. నేను తాగిన పాలవి. సంక్రాంతి నాటికి పాలు పోయి ఇంకో కొత్త మాట వచ్చింది, "రాత్రి పడవ". అమ్మ విడమరిచి చెప్పింది. కిక్కిస పొదల చాటున కాచిన నాటుసారా చీకటి పడ్డాక పడవలో వచ్చేదట. నల్లబెల్లం, నవసారం. ప్యాకెట్టు కంటే ధరెక్కువ, ఒంటికి చేటూ ఎక్కువ.

1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. ఖజానాకి లోటు వచ్చింది. 1996లో చంద్రబాబు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యాన్ని మూడున్నర చేసింది. 1997లో నిషేధం సడలించింది. సీసాలు తిరిగొచ్చాయి. బియ్యం మాత్రం అప్పుడు రెండుకి రాలేదు. ఆ రెండేళ్ళూ అమ్మమ్మ ఒకే పేజీలో బియ్యానికి ఎక్కువ, రాత్రి పడవకి ఎక్కువ రాసుకుంది. 1939 నాటి కథే, ఈసారి మా ఇంటి పుస్తకంలో.

ఇదంతా గతం అనుకోనివ్వలేదు మా పిన్ని. తాడేపల్లిగూడెంలో ఉంటుంది. బాబాయి ఉల్లిపాయల మార్కెట్లో ముఠా కూలీ. 2019 అక్టోబరులో మద్యం దుకాణాలు సర్కారు చేతికొచ్చాయి. ముట్టుకుంటే షాక్ కొట్టేలా ధరలుంటే తాగుడు తగ్గుతుందన్నారు. లాక్‌డౌన్ తర్వాత 2020 మే 4న దుకాణాలు తెరిచినప్పుడు 25 శాతం, మర్నాడే ఇంకో 50 శాతం పెంచారు. అంటే వంద రూపాయల క్వార్టరు రెండు రోజుల్లో 175 అయింది. ఆ రోజుల్లో ఫోన్లో పిన్ని అన్న మాట నేను మర్చిపోలేను. "ఆయన తాగుడేం తగ్గలేదే అమ్మాయ్, మా కూర తగ్గింది."

ధర పెంచితే మొత్తం సమాజంలో తాగుడు కొంత తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది. కొత్తగా అలవాటు చేసుకునే కుర్రాళ్ళ విషయంలో అది ముఖ్యమే, కాదనను. కానీ ఆ సగటులో పిన్ని ఇల్లు కనపడదు. వ్యసనం ఒకరిది, కూలి డబ్బుల మీద చెయ్యీ వాళ్ళదే. మిగిలినదాంతో ఇల్లు నడపాల్సింది మాత్రం ఇంకొకరు. అలాంటి ఇంట్లో పెరిగిన పన్ను సీసా మీద పడదు, కంచం మీద పడుతుంది. లేదంటే మనిషి చవకైన దారి వెతుక్కుంటాడు. అశ్వారావుపేట వైపు నుంచి జీలుగుమిల్లి మీదుగా తెలంగాణ సీసాలు, పన్ను తక్కువైన యానాం సీసాలు, అవీ అందకపోతే నాటుసారా. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో వరసగా మనుషులు చనిపోయారు. నాటుసారా వల్లేనని ప్రతిపక్షం, సహజ మరణాలని ప్రభుత్వం వాదించుకున్నాయి. వాదనలో ఎవరు గెలిచినా, తాళి తెగినవాళ్ళకి జవాబు ఎవరివ్వాలి?

రాజ్యాంగం 47వ అధికరణ మద్యనిషేధం కోసం ప్రయత్నించమంటుంది. అదే రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మద్యం మీద ఎక్సైజు సుంకం వేసుకునే హక్కు రాష్ట్రాలకిచ్చింది. 2017లో జీఎస్టీ వచ్చి చాలా పన్నులు రాష్ట్రాల చేతుల్లోంచి పోయాయి. తాగే మద్యాన్ని మాత్రం అందులో చేర్చలేదు. ఇష్టమొచ్చినట్టు పెంచుకోగల పన్నులు కొన్నే మిగిలినప్పుడు ఏ పార్టీ ప్రభుత్వమైనా దేన్ని పట్టుకుంటుంది?

నన్ను ఎక్కువ కలవరపెట్టింది 2021 నవంబరు నాటి ఏర్పాటు. మద్యం ధరలో కొంత భాగాన్ని "స్పెషల్ మార్జిన్" పేరుతో బెవరేజెస్ కార్పొరేషన్‌కి మళ్ళించి, చేయూత, ఆసరా, అమ్మ ఒడి వంటి పథకాల అమలు దానికి అప్పగించారు. పిన్నికి చేయూత కింద ఏడాదికి 18,750 రూపాయలు వచ్చేవి. ఆ డబ్బుతోనే కుట్టుమిషను కొనుక్కుంది. నేనొక చిన్న లెక్క వేశాను. 2020 మే నాటి లెక్కన క్వార్టరు మీద 75 రూపాయలు పెరిగింది. వారానికి ఐదు క్వార్టర్లనుకుంటే, ఆ పెరిగిన ధర మీదే ఏడాదికి 19,500 పోతుంది. 2021 డిసెంబరులో ధరలు కొంత తగ్గించారు, నిజమే. అయినా అంతకుముందు ఏడాదికి ఆ ఇంట్లోంచి ఎంత వెళ్ళిందో, అంతకంటే కాస్త తక్కువే పిన్ని ఖాతాలోకి తిరిగొచ్చింది. అలా వచ్చినదానికి కృతజ్ఞత చూపాల్సింది కూడా పిన్నే.

ఈ లెక్క చెబితే పిన్నికి కోపమొచ్చింది. "ఎక్కణ్ణించి వత్తే ఏం, నా పేరు మీద పడింది కదా! ఆయన చేతికెళ్ళింది ఎప్పుడైనా నా చేతికొచ్చిందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఇంటి ఆదాయంలో ఆమె పేరు మీద వచ్చిన మొదటి డబ్బు అది. దాన్ని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. కానీ ఆ డబ్బు నిలబడాలంటే బాబాయి తాగుతూనే ఉండాలి. ఈ ముడి వేసింది పిన్ని కాదు.

2024లో ప్రభుత్వం మారింది, విధానం మారింది. 3,396 దుకాణాలు లాటరీలో ప్రైవేటు వాళ్ళకి వెళ్ళాయి. తిరిగివ్వని రెండు లక్షల రుసుముతో దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. అంటే ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకి సుమారు 1,800 కోట్లు. 99 రూపాయల క్వార్టరు వచ్చింది. ధర తగ్గితే పిన్నికి కూర మిగలాలి కదా? "ఒకటి తాగేచోట రెండు తాగుతున్నాడు" అంది.

అందుకే ధర పెంచాలా, తగ్గించాలా అని నన్నడిగితే, ప్రశ్నే తప్పుగా అడుగుతున్నారంటాను. పెంచినా దించినా నిషేధించినా ప్రతిసారీ భారం వంటింట్లోకే ఎందుకు జారుతోందన్నది మన ప్రశ్న కావాలి. ఖజానా ఎంతవరకు మద్యం మీద ఆధారపడొచ్చో ఒక హద్దుండాలి. వచ్చిన రాబడిలో వ్యసనం మాన్పించే వైద్యానికి ఎంత పెట్టారో ఏటా చెప్పాలి. మహారాష్ట్రలో ఊరి ఆడవాళ్ళు ఓటేసి దుకాణం మూయించే నిబంధన ఉంది. అలాంటిది మనకెందుకు ఉండకూడదు? సాహిత్యం చదువుకున్న మనం కూడా తాగుబోతు మొగుడి పాత్ర వెనక నిలబడ్డ అమ్మకందారు ఎవరో చూడడం నేర్చుకోవాలి.

నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేద్దామని ఒకరు అడుగుతున్నారు. ముందు ఒక అధ్యాయం అదనంగా రాయాలి. దానికి ఆధారం అమ్మమ్మ పద్దు పుస్తకాలే. 1993 అక్టోబరు, నవంబరు పేజీలు ఫొటో తీసి పెట్టుకున్నాను, "పాలు" అన్న మాట కనపడేలా.