ఎక్స్‌ని వదిలెయ్యొచ్చా?

మాది పుంగనూరు. మదనపల్లెలో ఇంటర్ చదివేటప్పుడు సమతాస్థితి లెక్కలకి మాకున్న మంత్రం ఒకటే: "ఎక్స్ చాలా చిన్నది, వదిలెయ్". అది 5 శాతం లోపుంటేనే వదిలెయ్యాలన్న షరతు మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొన్న కుప్పం మీదుగా రైల్లో బెంగళూరు వస్తుంటే అది గుర్తొచ్చింది. సరిహద్దు దాటితే కోలార్ బంగారు గనులే కదా! 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ అడుగుపెట్టింది. రాతిపొడిలోని బంగారాన్ని సైనైడ్‌తో కరిగించే పద్ధతికి 1887లో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు పేటెంటు తీసుకున్నారు. తర్వాత కోలారుకీ అదే వచ్చింది.

అసలు లెక్క ఇక్కడుంది. నీళ్ళలో సైనైడ్ కొంత అయాన్‌గా, కొంత హైడ్రోజన్ సైనైడ్‌గా ఉంటుంది. ఈ రెండోదే గాల్లోకి లేచే విషం. పీహెచ్ 9.2 దగ్గర రెండూ సగం సగం. సున్నం కలిపి 10.5కి పెంచితే విషం వాటా సుమారు 5 శాతం. 7.2కి పడిపోతే 99 శాతం! మేం వదిలేసిన ఎక్స్ మీదే అక్కడ కూలీల ఊపిరి ఆధారపడింది.

గనులు 2001లో మూతపడ్డాయి, సైనైడ్ దిబ్బలు మిగిలాయి. మన కోడ్‌లో కూడా రోజూ ఎన్నో ఎక్స్‌లు వదిలేస్తుంటాం. వదిలే ముందు ఎంతుందో ఒకసారి చూస్తే పోయేదేముంది?