యాప్‌ఇమేజ్: లినక్స్ పోర్టబుల్ అప్లికేషన్లు, వాటి నిర్వహణ సాధనాలు

యాప్‌ఇమేజ్ అంటే లినక్స్ డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే అప్లికేషన్ రూపం. ప్రోగ్రాము, దానికి కావలసిన లైబ్రరీలు ఒకే ఫైల్లో ఉంటాయి. అడ్మిన్ పాస్‌వర్డు అక్కర్లేదు. ఎమ్మిగనూరులో దించుకున్న ఫైలును పెన్‌డ్రైవులో కోడుమూరు పట్టుకెళ్ళి, నెట్ లేని కంప్యూటర్లోనూ నడుపుకోవచ్చు. పల్లె బడులకు ఇది అనువైన పద్ధతి.

దీని మూలం 2004లో సైమన్ పీటర్ రూపొందించిన క్లిక్ అనే సాధనం. సీడీ నుంచే నడిచే నాపిక్స్ వంటి లినక్స్‌లలో కొత్త ప్రోగ్రాము చేర్చుకోవడం కష్టంగా ఉన్న రోజులవి. క్లిక్ కాస్తా పోర్టబుల్ లినక్స్ యాప్స్‌గా మారి, 2013లో యాప్‌ఇమేజ్ అయింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన సబ్‌సర్ఫేస్ అనే ప్రోగ్రాము 2015లో ఈ రూపంలో వచ్చాక దీనికి పేరు పెరిగింది.

2016లో ప్రాచుర్యంలోకి వచ్చిన స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనే ఇతర అప్లికేషన్ రూపాలకు ఇన్‌స్టాల్ చేసి అప్‌డేట్ చేసే యంత్రాంగం వెంటే ఉంది. యాప్‌ఇమేజ్‌కు అది లేదు. దించుకున్న ఫైలు డౌన్‌లోడ్స్‌లోనే పడి ఉంటుంది. మెనూలో పేరు కనపడదు, నడిచే అనుమతి మనమే ఇవ్వాలి. ఈ లోటు తీర్చడానికే నిర్వహణ సాధనాలు పుట్టాయి. యాప్‌ఇమేజ్‌డీ ఫోల్డర్లను గమనిస్తూ, కొత్త ఫైలు చేరగానే మెనూలో పెడుతుంది. యాప్‌ఇమేజ్ లాంచర్ మొదటిసారి తెరిచినప్పుడే అడిగి, ఫైలును ఒక ఫోల్డర్లోకి చేర్చి మెనూకు కలుపుతుంది. తొలగించే పనీ చూస్తుంది. గియర్ లీవర్ ఇటీవలిది, గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవారికి నప్పుతుంది. యాప్‌ఇమేజ్ అప్‌డేట్ మారిన భాగాలనే దించుతుంది కాబట్టి డేటా ఆదా అవుతుంది.

ఉబుంటు 22.04 నుంచి, పాత యాప్‌ఇమేజ్‌లు నడవడానికి కావలసిన లిబ్‌ఫ్యూజ్2 లైబ్రరీ ముందుగా అమర్చి రావడం లేదు. అందుకే పాత యాప్‌ఇమేజ్‌ను నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. ఆ లైబ్రరీ విడిగా వేసుకోవాలి.

తెలుగువారికి అసలు చిక్కు వేరు. అప్లికేషన్ తన లైబ్రరీలు తానే తెచ్చుకుంటుంది కనుక, తయారీదారు తెలుగు టైపింగుకు వాడే ఐబస్ ప్లగిన్ చేర్చకపోతే ఆపిల్, ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్‌లలో ఏ కీబోర్డు ఉన్నా అందులో తెలుగు టైపు కాదు. పైపెచ్చు కంప్యూటర్లో వేసుకున్న తెలుగు అనువాదాలు దానికి అందవు. మెనూలో కలిపే సాధనం ఎంత మంచిదైనా ఈ లోటు తీర్చలేదు. తయారుచేసేవారే తెలుగును లోపల పెట్టాలి. లిబ్రేఆఫీస్ యాప్‌ఇమేజ్ బేసిక్, స్టాండర్డ్, ఫుల్ అని మూడు రకాలుగా దొరుకుతుంది. తెలుగు మెనూలు కావలసినవారు ఫుల్ రకమే దించుకోవాలి.