లొట్టిలో కలిసినది

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమలలో పులిసిన పానీయమనగా తాటికల్లు, ఈతకల్లులే. చెట్టునుండి దిగినప్పుడది తీపినీరు. లొట్టిలోని సూక్ష్మజీవులు దానిని కల్లుగా మార్చును. జాగు జరిగినచో పులుపెక్కి సిర్కా యగును. గీతగాండ్రు లొట్టిలోపల సున్నము పూసి, ఆ పులియుటను ఆపి నీరా దింపుదురు.

బీరును చెఱచునవి పరాయి సూక్ష్మజీవులేయని 1876లో లూయీ పాశ్చర్ వివరించెను. ఐరోపావారు మరుగుచున్న రసములో హాపు పూవులు వేసి రుచినీ, రక్షణనూ ఒక్కమారే పొందిరి. అచట చేర్చిన వస్తువే కాపరి యయ్యెను.

మన సీమలో చేర్చిన వస్తువే చేటు దెచ్చినది. నీళ్లు కలిపిన కల్లుకు మత్తు హెచ్చించుటకై క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్, అల్ప్రజోలామ్ కలిపిరి. 2015లో కట్టడి రాగా మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాలలో అలవాటుపడినవారు వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రులు చేరిరి. కావున లొట్టిలో ఏమి కలిసినదో తెలిసికొనుట త్రాగువారి హక్కని మేము తలచుచున్నాము.