రాయికి తోకెందుకు వచ్చింది?

మూత సరిగ్గా పెట్టకపోతే డబ్బాలో కర్పూరం కరగకుండానే ఆవిరైపోతుంది. తిరుమల దారిలో ఉన్న మా రేణిగుంటలో ఇది చిన్నపిల్లలకీ తెలుసు. అంతరిక్షంలో మంచుదీ అదే తంతు.

1996లో ఎల్స్ట్, పిజారో అనే ఇద్దరు కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే ఓ గ్రహశకలానికి తోక చూశారు. 1979 ఫొటోల్లో అది ఉత్త చుక్కే! ఏదో రాయి గుద్దుకుని దుమ్ము లేచిందన్నారు కొందరు. 2002లో హవాయిలో షే, జువిట్ చూస్తే మళ్ళీ తోక. సూర్యుణ్ణి చుట్టడానికి దానికి ఐదున్నరేళ్ళు పైనే. మరి ప్రతి చుట్టులోనూ ఇంచుమించు అదే వేళకి రాయి వచ్చి గుద్దుతుందా? రీప్రొడ్యూస్ అయిన బగ్గుని యాక్సిడెంటు అనలేం కదండీ! లోపలి మంచే ఆవిరవుతూ దుమ్ము ఎగరేస్తోందని వాళ్ళ వాదన. 2007లో మూడోసారీ తోక వచ్చింది.

భూమ్మీది నీళ్ళలో కొంత ఇలాంటివే మోసుకొచ్చాయేమో అన్న ఊహ కూడా ఉంది. కానీ ఆ ఆవిరి మాత్రం ఏళ్ళ తరబడి ఎవరికీ చిక్కలేదు. చివరికి ఆ కోవకే చెందిన రీడ్ తోకచుక్క చుట్టూ నీటి ఆవిరిని జేమ్స్ వెబ్ టెలిస్కోపు పట్టుకుందని 2023లో ప్రకటించారు.