ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఉన్నత స్థాయి జీవావరణ అధ్యయనం

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అడవులు, గుట్టలు, చెరువులు, గనుల మీద విశ్వవిద్యాలయాలలో, ముఖ్యంగా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ స్థాయిలో సాగిన జీవావరణ శాస్త్ర అధ్యయనమూ, దానితో ముడిపడిన సుస్థిరాభివృద్ధి బోధనా ఈ వ్యాసానికి విషయం. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. కరీంనగర్ కూడా పలు జిల్లాలుగా విడిపోయింది. ఇక్కడ పాత హద్దులనే పాటించడమైనది.

నైసర్గిక నేపథ్యం

రెండు జిల్లాలకూ నడుమ గోదావరి ప్రవహిస్తుంది. ఉత్తరాన ఆదిలాబాద్‌ను పెన్‌గంగ, వార్ధా, ప్రాణహిత నదులు మహారాష్ట్ర నుంచి వేరు చేస్తాయి. ఇక్కడి అడవి ప్రధానంగా టేకు అడవి. నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు దానికి తోడు. దక్షిణాన కరీంనగర్ భూములు ఎక్కువగా మెట్ట, గ్రానైటు గుట్టలు. గోదావరి లోయలో బొగ్గు ఉంది. అడవి, బొగ్గు, నీటి ప్రాజెక్టులు ఒకేచోట ఉండడంతో పర్యావరణ పరిశోధనకు కావలసిన ప్రశ్నలన్నీ ఈ ప్రాంతంలోనే దొరుకుతాయి.

తొలి దశ

శాతవాహనుల నుంచి ఆసఫ్‌జాహీల వరకు అడవిని గురించిన తెలివిడి గోండులు, కొలాములు, నాయకపోడులు, పశువుల కాపరులు, వైద్యుల నోటనే నిలిచింది. నిజాం రాజ్యపు అడవుల మీద తొలి శాస్త్రీయ గ్రంథం 1911లో వెలువడిన పార్ట్రిడ్జ్ అటవీ వృక్షసంపద పుస్తకం. మద్రాసు రాజధాని మొక్కలపై 1915 నుంచి 1936 వరకు సంపుటాలుగా వచ్చిన గ్యాంబుల్ బృహద్గ్రంథం పరిధిలో హైదరాబాదు సంస్థానం లేదు. ఈ లోటు ఆ తర్వాత చాలాకాలం వెంటాడింది.

1931-32లో సలీం అలీ హైదరాబాదు సంస్థాన పక్షుల సర్వే నిర్వహించారు. దాని ఫలితాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. అదే దశాబ్దంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ఆచార్యులు సయీదుద్దీన్ సంస్థానంలోని పూలమొక్కల జాబితాలను ప్రకటించారు.

మార్లవాయి ఘట్టం (1940-1949)

1940లో గోండు వీరుడు కుమ్రం భీం నాయకత్వంలో జోడేఘాట్‌లో జరిగిన తిరుగుబాటు అడవి, భూమి హక్కుల కోసం సాగింది. దానిని అణచివేసిన తర్వాత కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్‌ను నియమించింది. 1909లో వియన్నాలో పుట్టిన హైమెన్‌డార్ఫ్ 1939లో భారతదేశానికి వచ్చి, ప్రపంచ యుద్ధం కారణంగా హైదరాబాదు సంస్థానం దాటి వెళ్లలేని స్థితిలో ఉన్నారు. భార్య బెట్టీతో కలిసి ఆదిలాబాద్ గోండు గ్రామాలలో నివసించి, గోండి నేర్చుకొని, వారి సాగు పద్ధతులను, పండుగలను, దేవతలను, అడవితో వారి సంబంధాన్ని ఓపికగా నమోదు చేశారు. అటవీ శాఖ రిజర్వు హద్దులు గీసిన తీరు వల్ల గోండులు భూములు కోల్పోయారని ఆయన ఎత్తిచూపారు. ఆ సూచనల ఫలితంగా వేలాది కుటుంబాలకు పట్టాలు దక్కాయి.

1943లో ఆ గ్రామాలలో ఒకటైన మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో అచ్చయింది. 1949లో హైమెన్‌డార్ఫ్ లండన్ వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో బోధన చేపట్టినా ఆదిలాబాద్‌కు పలుమార్లు తిరిగి వచ్చారు. 1979లో గోండుల మీద, 1982లో గిరిజనుల బతుకు పోరాటం మీద ఆయన పుస్తకాలు వచ్చాయి. 1987లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఇది జీవావరణ శాస్త్రం పేరుతో జరిగిన పని కాదు. అయినా అడవిని, అందులో బతికే మనుషులను విడదీయకుండా చూసిన ఈ విశిష్ట కృషి లేకుండా ఈ ప్రాంతపు సుస్థిరతా చర్చ ముందుకు సాగదు.

1950 నుంచి 1975 వరకు

తర్వాతి పర్యావరణ పరిశోధనకు ప్రశ్నలయ్యే మార్పులు ఈ కాలంలో వచ్చాయి: కడెం ప్రాజెక్టు కట్టారు, శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది, 1965లో కవ్వాల్ అభయారణ్యం ఏర్పడింది.

సిద్ధాంత గ్రంథాల కాలం (1976-2001)

దేశంలో జీవావరణ శాస్త్రాన్ని ప్రత్యేక పాఠ్యాంశంగా నిలబెట్టిన ఘనత కాశీ హిందూ విశ్వవిద్యాలయ ఆచార్యులు రామ్‌దేవ్ మిశ్రాది. 1982లో డెహ్రాడూన్‌లో భారత వన్యప్రాణి సంస్థ, 1983లో బెంగళూరు ఐఐఎస్సీలో మాధవ్ గాడ్గిల్ ఆధ్వర్యంలో జీవావరణ విజ్ఞాన కేంద్రం వచ్చాయి. ఈ జిల్లాలకు దగ్గర్లో 1976లో వరంగల్లున కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడి వృక్షశాస్త్ర విభాగంలో ఆచార్య వత్సవాయ ఎస్. రాజు మొక్కల వర్గీకరణ పరిశోధనను తీర్చిదిద్దారు.

అయితే ఈ జిల్లాల మీద ప్రామాణిక రచనలు కొన్ని దూరప్రాంతాల విశ్వవిద్యాలయాల నుంచే వచ్చాయి. 1990లో టి. రవిశంకర్ ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలు రెండింటినీ కలిపి, గిరిజనులు వాడే మొక్కల మీద కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంత గ్రంథం సమర్పించారు. 1992లో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి చెందిన టి. పుల్లయ్య, పి.వి. ప్రసన్న, జి. ఓబులేసుతో కలిసి ఆదిలాబాద్ జిల్లా వృక్షసంపద గ్రంథాన్ని వెలువరించారు. మండు వేసవిలోనూ వానలలోనూ అడవులు తిరిగి నమూనాలు సేకరిస్తే తప్ప ఇటువంటి పని పూర్తికాదు. కరీంనగర్ వృక్షసంపద మీద ఎ.హెచ్. నఖ్వీ 2001లో కాకతీయలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. గ్యాంబుల్ పరిధికి బయట మిగిలిన ఖాళీ ఈ జిల్లాల మేరకు వీటితో చాలావరకు పూడింది. తర్వాత 2015లో పుల్లయ్య తెలంగాణ మొత్తానికి వృక్షసంపద సంపుటాలు తెచ్చారు.

సుస్థిరాభివృద్ధి పాఠం

1987 నాటి బ్రుంట్‌లాండ్ నివేదిక తర్వాత సుస్థిరాభివృద్ధి పాఠ్యప్రణాళికలలోకి వచ్చింది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమని ఆదేశించింది. యూజీసీ 2003లో డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యాంశం రూపొందించింది. 1994, 2006 సంవత్సరాల పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్లు ఈ చదువుకు ఉద్యోగ విలువ తెచ్చాయి. సింగరేణి ఓపెన్‌కాస్టు గనులకు, 1983 నుంచి విద్యుత్తు ఉత్పత్తి చేస్తున్న రామగుండం ఎన్టీపీసీ వంటి కేంద్రాలకు అనుమతి కావాలంటే నీరు, గాలి, జీవజాలం మీద నివేదికలు అవసరం. వాటిని తయారుచేయడానికి ఎమ్మెస్సీ చదివినవారు కావాలి.

ఇటీవలి దశ

2008లో కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడడంతో స్థానిక విద్యార్థులకు పీజీ చదువు ఇంటి ముంగిటికి వచ్చింది. అక్కడి వృక్షశాస్త్ర విభాగం నుంచి ఆదిలాబాద్ గోండుల ఔషధ మొక్కల వంటి అంశాలపై పరిశోధన వ్యాసాలు వెలువడ్డాయి. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యమైంది. కోర్, బఫర్ కలిపి దాని విస్తీర్ణం సుమారు 2,015 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్రలోని తడోబా నుంచి పులులు వచ్చే దారి కావడంతో ఈ అడవికి ప్రాధాన్యం పెరిగింది. 2013లో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై రాబందులు కనిపించాయి. ఈ రెండు జిల్లాల హద్దులకు బయట, 2016లో సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల, పరిశోధన సంస్థ మొదలైంది.

చదువు తీరు

ఎమ్మెస్సీ రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. 2019 నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష (సీపీగెట్) ద్వారా సీట్లు కేటాయిస్తున్నారు. పర్యావరణ శాస్త్రం అందులో ఒక సబ్జెక్టు. ప్రత్యేక విభాగం లేనిచోట వృక్ష, జంతుశాస్త్రాల ఎమ్మెస్సీలలోనే జీవావరణ శాస్త్రం ఒక పేపరుగా ఉంటుంది. క్షేత్ర పనిలో చెట్లకు 10 మీటర్ల చదరం, పొదలకు 5 మీటర్లది, గడ్డికి, చిన్న మొక్కలకు మీటరు చదరం తాడుతో గీసి అందులోని జాతులను లెక్కించడం ప్రాథమిక పద్ధతి. చెరువు నీటిలో కరిగిన ఆమ్లజని కొలవడం, వన్యప్రాణుల జాడకు కెమెరా ట్రాపులు అమర్చడం మిగతా సాధన.

ఆదిలాబాద్ వృక్షసంపద గ్రంథం వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. ఈలోగా గనులు విస్తరించాయి, గుట్టలు గ్రానైటు క్వారీలయ్యాయి. ఆ పాత పట్టికలను నేటి అడవితో మళ్లీ సరిచూడడం ఈ ప్రాంత పీజీ విద్యార్థులు చేపట్టదగిన పనులలో మొదటిది.